జెనాన్ హెడ్‌లైటు సతాయిస్తోందా? బ్యాలస్ట్ కొనేముందు ఎర్త్ చూడండి

జెనాన్ హెడ్‌లైటు ఒక పక్క వెలగడం మానేస్తే జరిగే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు బల్బు మారుస్తారు, తగ్గదు. తర్వాత బ్యాలస్ట్ (బల్బుకి కావలసిన కరెంటుని సరిపెట్టి ఇచ్చే పెట్టె) మారుస్తారు. వారం పదిరోజులు బాగానే వెలుగుతుంది, మళ్ళీ మొదలు. చివరికి హెడ్‌లైటు మొత్తం మార్చాలంటారు. సెకండ్‌హ్యాండ్‌లో స్కోడా సూపర్బో, ఆడీ ఏ4నో, బీఎండబ్ల్యూ 3 సిరీసో కొనుక్కున్నవాళ్ళకి ఆ బిల్లు మామూలుగా ఉండదు. వీటిలో చాలా బళ్ళలో తప్పు ఎర్త్‌ది, అంటే కరెంటు బాడీ రేకు మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారిది. దానికి కావలసింది ఒక వాటర్ పేపర్ ముక్క, 10 నంబరు పానా, మల్టీమీటర్. అంతే.

కొత్త కార్లలో జెనాన్ బదులు ఎల్ఈడీ వస్తోంది కాబట్టి జెనాన్ ఉన్న బళ్ళు ఇప్పుడు పాతబడ్డవే. వైర్లు, లగ్గులు (వైరు చివర బోల్టు కింద పెట్టే లోహపు బిళ్ళలు), రబ్బరు సీళ్ళు కూడా అంతే పాతవి. బల్బు, బ్యాలస్ట్ అని రెండింటినే అనుమానించే అలవాటు మానుకోవాల్సింది అందుకే.

లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకపోతే కింద చెప్పేవి అర్థం కావు, కాబట్టి క్లుప్తంగా.

హాలోజెన్‌లో ఫిలమెంటు కాలుతుంది. జెనాన్ బల్బులో ఫిలమెంటు లేదు. క్వార్ట్జ్ గాజు బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ మొనలు దాదాపు 4 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి. చుట్టూ ఎక్కువ ఒత్తిడిలో జెనాన్ వాయువు, కొంచెం లోహ లవణాలు. ఈ బల్బుల్లో డీ1 నుంచి డీ4 దాకా రకాలున్నాయి: డీ1, డీ2 రకాల్లో పాదరసం కూడా ఉంటుంది, డీ3, డీ4లలో ఉండదు. స్విచ్ వేయగానే ఇగ్నైటర్ 20 వేల వోల్టులకి పైగా ఒక దెబ్బ కొడుతుంది, రెండు మొనల మధ్య ఆర్క్ పుడుతుంది. వెల్డింగ్ ఆర్క్ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మొదటి క్షణంలో కనిపించే నీలిరంగు వెలుగు జెనాన్‌ది. కొన్ని సెకన్లలో లవణాలు ఆవిరై అసలు తెల్లటి వెలుగు వస్తుంది.

ఆర్క్ పుట్టాక దాన్ని నిలబెట్టేది బ్యాలస్ట్. డీ1, డీ2 బల్బులు సుమారు 85 వోల్టుల మీద, డీ3, డీ4 బల్బులు సుమారు 42 వోల్టుల మీద నడుస్తాయి. అందుకే ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడదు. బల్బు అడుగున అచ్చయి ఉన్న కోడ్ చూసి అదే కొనండి. డీ1, డీ3లలో ఇగ్నైటర్ బల్బుకే అతికి ఉంటుంది. డీ2, డీ4లలో విడిగా ఉంటుంది. చివరి అక్షరం ఎస్ అయితే ప్రొజెక్టర్‌కి (ముందు గుండ్రటి కటకం ఉండే లైటు), ఆర్ అయితే రిఫ్లెక్టర్‌కి (కటకం లేకుండా అద్దంలాంటి గిన్నె ఒక్కటే ఉండేది).

ఇప్పుడు అసలు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె. బల్బు స్థిరంగా వెలుగుతున్నప్పుడు వాడేది 35 వాట్లే, బ్యాటరీ నుంచి 3 ఆంపియర్లు, ఇంకొంచెం. కానీ వెలిగించిన మొదటి కొన్ని సెకన్లలో బల్బుని త్వరగా వేడెక్కించడానికి బ్యాలస్ట్ దానికి రెట్టింపుకి మించి పవర్ తోస్తుంది. అప్పుడు 10 ఆంపియర్లు దాటి లాగేవి మామూలే. ఆ కొన్ని సెకన్లు తట్టుకోలేని వైరింగ్ మిగతా సమయమంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అందరూ వదిలేసే మొదటి పరీక్ష

ఏదీ కొనకముందు ఎడమ బల్బుని కుడికి, కుడి బల్బుని ఎడమకి మార్చండి. లైట్ స్విచ్ ఆఫ్, ఇగ్నిషన్ ఆఫ్, బ్యాటరీ నెగెటివ్ తీసేసి, బల్బు చల్లారేదాకా ఓ పది నిమిషాలు ఆగి చేయాలి. గాజుని వేళ్ళతో తాకొద్దు. హెడ్‌లైటు బయట బల్బుని చేత్తో పట్టుకుని వెలిగించి చూడటం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. అందులో ప్రాణం తీసే వోల్టేజీ ఉంది, కంటిని దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలున్నాయి.

తప్పు బల్బుతోపాటు అవతలి పక్కకి వెళ్ళిందా, బల్బు పోయింది. వెళ్ళలేదా, బల్బు మంచిదే. ఖర్చు లేని ఈ పని చేయకుండా నేరుగా హైదరాబాద్‌లో బళ్ళ సామాన్లు అమ్మే రాణిగంజ్‌కో పుత్లీబౌలికో వెళ్ళి బ్యాలస్ట్ బేరం చేయడం ఏమిటో అర్థం కాదు. బంపర్ విప్పితేగానీ బల్బు అందని బళ్ళు ఉన్నాయి, నిజమే. అయినా ఎలాగూ విప్పుతారు కదా, విప్పినప్పుడు ముందు ఈ పని చేయమనండి.

బల్బు మంచిదని తేలాక, బ్యాలస్ట్‌ని కూడా అలాగే అటూ ఇటూ మార్చండి. చాలా బళ్ళలో అది హెడ్‌లైటు అడుగున మూడు నాలుగు స్క్రూలతో ఉంటుంది. డీ2, డీ4 అయితే ఇగ్నైటర్‌ని కూడా విడిగా మార్చి చూడాలి. తప్పు బ్యాలస్ట్ వెంట వెళ్తే బ్యాలస్టే. రెండూ మార్చినా తప్పు అదే పక్క ఉండిపోతే వైరింగ్ దగ్గరికి రండి.

వెలుగు గులాబీ రంగుకి తిరిగింది, లేదా కాసేపు వెలిగి ఆరిపోతోంది

బల్బు ముసలిదైంది. వయసుతో లవణాలు తగ్గి, మొనలు అరిగి, ఆర్క్‌ని నిలబెట్టడానికి కావలసిన వోల్టేజీ పెరుగుతుంది. ఆ హద్దు దాటగానే బ్యాలస్ట్ తనంతట తాను ఆపేస్తుంది. గుర్తు: స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే వెలుగుతుంది, మరికాసేపటికి ఆరిపోతుంది. వెలుగు గులాబీకో ఊదాకో తిరిగి ఉంటే ఇక పరీక్షలే అక్కర్లేదు. రెండు పక్కలా ఒకేసారి మార్చండి. కొత్తదీ పాతదీ కలిపితే రంగు కలవదు, రెండోది ఎలాగూ త్వరలోనే పోతుంది.

రెండు పక్కలా ఒకేసారి పోయాయి

రెండు బల్బులు ఒకే రాత్రి పోవడం చాలా అరుదు. ఫ్యూజులు, రిలే, లైట్ స్విచ్, బ్యాటరీ వోల్టేజీ, ఈ వరసలో చూడండి. బల్బుల జోలికే పోవద్దు.

ఇంజిన్ ఆన్‌లో బాగుంటుంది, ఆఫ్‌లో మొండికేస్తుంది. లేదా వెలగబోయి టపటపలాడుతుంది

డబ్బంతా పోయేది ఇక్కడే, కాబట్టి దీన్ని నిదానంగా చదవండి.

లక్షణాలు ఇలా ఉంటాయి. ఒకే పక్క. స్విచ్ వేయగానే ఒకసారి మెరిసి ఆరిపోతుంది, మళ్ళీ మెరుస్తుంది, ఒక్కోసారి నాలుగో ప్రయత్నంలో నిలుస్తుంది. ఒకసారి నిలిచాక గంటసేపు నడిపినా ఏమీ కాదు. ఇంజిన్ నడుస్తుంటే తొందరగా వెలుగుతుంది, ఆగి ఉంటే మొండికేస్తుంది. ఏసీ, వైపర్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి ఉన్న వానరాత్రి ఎక్కువ సతాయిస్తుంది. ఇవన్నీ చూడగానే బ్యాలస్ట్ పోయిందనిపిస్తుంది, మెకానిక్ కూడా అదే చెప్తాడు. బ్యాలస్ట్ చెడినా అచ్చంగా ఇలాగే ఉంటుంది.

కారణం చాలాసార్లు ఎర్త్. హెడ్‌లైటు ఎర్త్ వైరు ఫెండర్ లోపలి రేకుకో, రేడియేటర్ పక్కనున్న ఫ్రేమ్‌కో ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. జర్మన్ బళ్ళలో సాధారణంగా గోధుమ రంగు వైరు, జపాన్, కొరియా బళ్ళలో నలుపు. ఆ బోల్టు కింద తుప్పు పట్టినా, రంగు చేరినా కరెంటుకి దారి ఇరుకైపోతుంది.

రంగు ఎలా చేరుతుంది? డెంటింగ్, పెయింటింగ్ పనిలో. మన ట్రాఫిక్‌లో ముందు మూల గీసుకోని బండి ఉండదు. ఫెండర్ సరిచేస్తారు, ఎర్త్ బోల్టు విప్పుతారు, రేకు మొత్తానికీ ప్రైమర్, రంగు కొడతారు, ఆరాక అదే రంగు మీద లగ్గు పెట్టి బోల్టు బిగిస్తారు. రంగు కరెంటుని పోనివ్వదు. బోల్టు మీది మరలు రేకుకి తగిలే చోట మాత్రమే కొంచెం దాటుతుంది. బండి అప్పగించినరోజు లైటు వెలుగుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచి ఆ మరల్లో తుప్పు చేరాక మొదలవుతుంది కథ. అప్పటికి పెయింటింగ్ అయి ఏడాది దాటి ఉంటుంది కాబట్టి ఎవరికీ దాని మీద అనుమానం రాదు. మోకాలి లోతు నీళ్ళలోంచి బండి పోనిచ్చినవాళ్ళకి రంగు లేకపోయినా ఇదే గతి పడుతుంది.

మరి మల్టీమీటర్ పెడితే దొరకదా అంటారు. రెండు విధాలుగా అది మోసం చేస్తుంది.

ఒకటి, కప్లర్ (బ్యాలస్ట్‌కి వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి పిన్నుల మధ్య వోల్టేజీ చూడటం. 12.5 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. కరెంటు ప్రవహించనప్పుడు ఎంత చెడ్డ జాయింటులోనైనా వోల్టేజీ పడిపోదు కాబట్టి ఈ కొలత దేనికీ పనికిరాదు.

రెండు, ఓమ్స్‌లో పెట్టి ఎర్త్ వైరుకీ బాడీకీ మధ్య నిరోధం చూడటం. 0.2, 0.3 చూపిస్తుంది, మీటర్ తీగల నిరోధమే అంత ఉంటుంది కాబట్టి బాగుందనుకుంటారు. కానీ లెక్క వేయండి: జాయింటులో 0.2 ఓమ్ ఉంటే, వెలిగించేటప్పుడు 10 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఇచ్చేది 12 చిల్లర. లోడు పడగానే అదీ కొంచెం కుంగుతుంది, పాజిటివ్ వైపు ఇంకో అర వోల్టు పోతుంది. బ్యాలస్ట్‌కి చేరేది 9 వోల్టులు చిల్లర. చాలా బ్యాలస్ట్‌లు ఆ చుట్టుపక్కలే పని ఆపేస్తాయి. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ 14 వోల్టుల పైన ఇస్తుంది కాబట్టి అంత పోయినా సరిపోతుంది. ఒకసారి వెలిగాక 3 ఆంపియర్లే కనుక పోయేది అర వోల్టు పైచిలుకే. పైన చెప్పిన లక్షణాలన్నీ ఈ ఒక్క లెక్కలోంచి వచ్చేవే.

కొత్త బ్యాలస్ట్ పెడితే వారం పదిరోజులు ఎందుకు బాగుంటుంది? కప్లర్ ఊడదీసి పెట్టడంలో, వైరు లాగడంలో ఆ జాయింటు కదిలి కాస్త గీసుకుని తాజా లోహం తగులుతుంది. కొత్త సామాను పనిచేసిందని అనుకుంటారు. తుప్పు మళ్ళీ మూసుకోగానే పాత కథే.

సరైన కొలత ఇలా తీయాలి. మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, క్లాంప్ మీద కాదు, సీసపు పోస్టు మీదే. రెండో తీగ బ్యాలస్ట్‌కి వచ్చే ఎర్త్ వైరుకి, కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి సన్నని పిన్ను దూర్చి తగిలించండి. వైరు గుర్తుపట్టాకే దూర్చండి, బ్యాలస్ట్ నుంచి బల్బుకి వెళ్ళే వైపు మీటర్ అస్సలు పెట్టకూడదు. ఇంజిన్ ఆపి ఉంచి, ఇంకొకరిని లైటు వేయమనండి. వెలిగే మొదటి అయిదు సెకన్లు అంకె చూడండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ భేషుగ్గా ఉంది. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. పాజిటివ్ పోస్టు నుంచి బ్యాలస్ట్ పాజిటివ్ వైరుకి కూడా ఇలాగే చూడండి, అక్కడ అర వోల్టు లోపు ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజు కాళ్ళు, రిలే సాకెట్ చూడాలి.

మీటర్ లేకపోయినా ఒక గుర్తుంది. పార్కింగ్ లైటు, ఇండికేటర్ అదే ఎర్త్ బోల్టుకి కలిసి ఉండే బళ్ళు చాలా. హెడ్‌లైటు వేసి ఇండికేటర్ వేయండి. ఇండికేటర్ కొట్టుకున్నప్పుడల్లా ఆ పక్క పార్కింగ్ లైటు డిమ్ అవుతుంటే ఇక మీటర్ అక్కర్లేదు.

ఖాయం చేసుకోవడానికి ఇంకో పని: ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒకటి తెచ్చి, బ్యాలస్ట్ ఎర్త్ వైరు నుంచి ఇంజిన్ గదిలోని మంచి ఎర్త్ బోల్టుకి తాత్కాలికంగా కలిపి లైటు వేయండి. టక్కున వెలిగితే రుజువైనట్టే.

బాగుచేయడం సులువు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఎర్త్ బోల్టు విప్పి లగ్గుని పక్కకి తీసి చూడండి. లగ్గు కింద రేకు రంగుతోనో ఎర్రటి పొడితోనో కనిపిస్తుంది. 120 నంబరు పేపర్‌తో రూపాయి బిళ్ళంత మేర రేకు తెల్లగా మెరిసేదాకా గీకండి. లగ్గుని రెండు వైపులా వైరు బ్రష్‌తో తోమండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే లగ్గు కోసేసి కొత్తది వేయండి. అప్పుడు వైరు లోపల రాగి కూడా చూడాలి: నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి, పొట్టి అయిపోతే అంతే లావు వైరు అతికించాలి. లగ్గు కింద పళ్ళ వాషర్ వేసి గట్టిగా బిగించండి. బిగించాక పైన, చుట్టూ వ్యాజిలిన్ గానీ గ్రీజు గానీ పట్టించండి. ముందే మధ్యలో దట్టంగా పూయడం కాదు, లోహానికి లోహం తగిలాకే పైపూత. గీకిన చోట మిగిలిన రేకు మీద కొంచెం రంగు తాకించండి, లేకపోతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. చివరగా ఆ వోల్టేజీ కొలత మళ్ళీ తీయండి. అంకె దిగకపోతే పని కాలేదన్నట్టు.

అదనపు ఎర్త్ వైరు శాశ్వతంగా వేస్తానంటే బాడీకే వేయండి, బ్యాటరీ నెగెటివ్ పోస్టుకి కాదు. ఈ తరగతి బళ్ళలో చాలావాటికి నెగెటివ్ క్లాంప్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని దాటేసి వైరు వేస్తే చార్జింగ్ లెక్క తప్పుతుంది.

హెడ్‌లైటు లోపల నీళ్ళు

కడిగాకో వానలోనో గాజు లోపల సన్నగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే భయం లేదు. అడుగున నీళ్ళు నిలిస్తే మాత్రం ఆగకూడదు. ముందు వెనక మూత చూడండి. బల్బు మార్చినవాళ్ళు మూత సరిగా తిప్పకుండా వదిలేయడం, రబ్బరు రింగు మడతపడటం, మూతకే బెజ్జం చేయడం, కారణం చాలావరకు వీటిలోనే ఉంటుంది. ఆ నీళ్ళు దిగేది అడుగునున్న బ్యాలస్ట్‌లోకే. దాని పిన్నులు పచ్చబడి, లోపల బోర్డు తడిస్తే ఆరబెట్టి కొన్నాళ్ళు నడిపించవచ్చేమోగానీ నమ్మకం పెట్టుకోవద్దు. మార్చేయండి, కానీ మూత రబ్బరు మార్చాకే కొత్త బ్యాలస్ట్ పెట్టండి.

కొత్త బల్బు వేసినా వెలుగు చాలట్లేదు

బయటి గాజు నిజానికి పాలీకార్బొనేట్. మన ఎండకి పసుపుబడుతుంది. వాటర్ పేపర్ 800 నుంచి 1500, 2000, 3000 దాకా తడిగా రుద్ది, పాలిష్ పట్టి, పైన అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే కోటింగో ఫిల్మో వేయించాలి. ఆ పూత లేకుండా పాలిష్ ఒక్కటే చేయిస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పసుపవుతుంది.

గాజు శుభ్రంగా ఉన్నా వెలుగు లేకపోతే ప్రొజెక్టర్ లోపలి గిన్నె మాడి ఉంటుంది. అద్దంలా మెరవాల్సినది బూడిద రంగుకి తిరుగుతుంది. దానికి ప్రొజెక్టర్ మార్చడమే, బల్బులు మార్చుకుంటూ పోతే లాభం లేదు.

8000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలం) బల్బులు వేసుకుని వెలుగు తగ్గిందనేవాళ్ళూ ఉన్నారు. కంపెనీ బల్బు 4300 కెల్విన్ దగ్గర ఉండి, సుమారు 3200 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. నీలం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, వానలో రోడ్డు అసలే కనపడదు.

లైటు నేలచూపులు చూస్తోంది, లేదా ఎదుటివాళ్ళు డిప్పర్ కొడుతున్నారు

బండి బరువుని బట్టి లైటు ఎత్తు దానంతట అదే సరిపోవడానికి వెనక సస్పెన్షన్ దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్, దానికి వేలంత చిన్న కడ్డీ ఉంటాయి. స్పీడ్ బ్రేకర్లకి ఆ కడ్డీ విరుగుతుంది, తుప్పుపట్టి బిగుసుకుంటుంది. చాలా బళ్ళలో లైటు వేయగానే గోడ మీద వెలుగు కిందికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. ఆ కదలిక లేకపోతే బండి కిందికి తొంగిచూడండి. ఎత్తు సరిచేయడానికి గోడకి 10 మీటర్ల దూరంలో సమతల నేల మీద బండి నిలిపితే వెలుగు అంచు లైటు మధ్య ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి.

అంచు ఎడమ వైపు పైకి లేవాలి, మనం ఎడమన నడుపుతాం కాబట్టి. కుడి వైపు లేస్తుంటే అది కుడిన నడిపే దేశం నుంచి వచ్చిన పాత హెడ్‌లైటు. ఎదురొచ్చేవాడి కళ్ళలోనే పడుతుంది, ఎంత చవకగా వచ్చినా వేయించొద్దు. హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో జెనాన్ కిట్ వేయించడమూ అంతే ప్రమాదం, దానికి ఎత్తు సరిచేసినా ప్రయోజనం లేదు.

అరుదైనవి

కొన్ని యూరప్ బళ్ళలో వరసగా ఫెయిలైతే కంట్రోల్ మాడ్యూలే (లైట్లని నడిపే కంప్యూటర్) ఆ పక్కకి కరెంటు ఆపేస్తుంది, తప్పు సరిచేశాక స్కానర్‌తో చెరిపించాలి. స్టీరింగ్‌తోపాటు పక్కకి తిరిగే హెడ్‌లైట్లలో వైర్లు లోపల తెగడం ఉంటుంది. ఎలుక కొరకడం ఉంటుంది. పైవన్నీ అయ్యాకే వీటి సంగతి.

ఎక్కువకాలం నిలవాలంటే

కంపెనీ బల్బు 2000 గంటలు దాటి వస్తుంది. దాన్ని తినేసేది వెలిగి ఉన్న గంటలకన్నా వెలిగించిన సార్లు. ప్రతి స్ట్రైక్‌లోనూ మొనలు కొంచెం అరుగుతాయి, వేడిగా ఉన్నప్పుడు ఆర్పి వెంటనే వేస్తే మరీ ఎక్కువ. లైట్ స్విచ్‌ని చీకటి చూసి తానే వెలిగే ఆటో మోడ్‌లో వదిలేసి పగలు నగరంలో తిరిగేవాళ్ళు ఇది గమనించరు. హైదరాబాద్‌లో మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లో దూరినప్పుడల్లా ఒక స్ట్రైక్, ఆఫీసు బేస్‌మెంటులో ఒకటి, మాల్ పార్కింగ్‌లో ఒకటి. పగలు సిటీలో స్విచ్ చేత్తో పెట్టుకోండి, చీకటి పడ్డాక వేసి ఇంటికి చేరేదాకా ఉంచండి. సిగ్నల్ దగ్గర ఆర్పడం వద్దు. సెల్ఫ్ కొట్టాకే లైటు వేయండి. బ్యాటరీ బలహీనంగా ఉందని తెలిస్తే ముందు దాన్ని మార్చండి.

డెంటింగ్ పని చేయించినప్పుడు బండి తీసుకునేముందు బానెట్ ఎత్తి ఆ పక్క ఎర్త్ బోల్టు విప్పించి చూసుకోండి. లగ్గు కింద రంగు కనిపిస్తే అక్కడే గీకించండి.

పాత డీ1, డీ2 బల్బుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వేయకుండా, పగలకుండా కొత్త బల్బు డబ్బాలోనే పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.